తలుపు మూయని తల్లి: పండిత రమాబాయి

పండిత రమాబాయి పేరు వినని తెలుగు క్రైస్తవ గృహము అరుదు. ఆమె సంస్కృత పాండిత్యము, విధవల కొరకు ఆమె పడిన ప్రయాస, పూనా సమీపమున కేడ్‌గాఁవ్‌లో ఆమె స్థాపించిన ముక్తి సదనము, ఇవన్నియు మన స్త్రీల సమాజ కూటములలో తరచుగా చెప్పబడునవే. అయితే ఆమె ఒక బిడ్డకు తల్లియని, ఆ బిడ్డను విశ్వాసములో పెంచుటకై అటు స్వజనులతోను ఇటు తోడి విశ్వాసులతోను పోరాడవలసి వచ్చెనని మనము అంతగా తలంచము. సంఘసంస్కర్తయైన రమాబాయిని కొంచెము ప్రక్కన నుంచి, మనోరమ తల్లియైన రమాబాయిని గూర్చి ఈ పుటలలో చెప్పదలచితిని.

ఆ తల్లిని గూర్చి చెప్పుటకు ముందు ఆమె తల్లిని గూర్చి చెప్పవలెను. రమాబాయి తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, గొప్ప పండితుడు. ఆయన లక్ష్మీబాయిని వివాహమాడునప్పటికి ఆమె తొమ్మిదేండ్ల బాలిక. స్త్రీలు దేవభాషను నేర్వరాదను కట్టుబాటును త్రోసివేసి ఆయన భార్యకు సంస్కృతము నేర్పెను. పండితులు ఆగ్రహించిరి, సభలో ఆయన తన పక్షమును శాస్త్రప్రమాణములతో సమర్థించుకొనవలసి వచ్చెను. చివరకు పశ్చిమ కనుమలలోని గంగామూల అను అడవిలో ఇల్లు కట్టుకొని అక్కడ కాపురముండెను. ఆ అడవిలో 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించెను.

బిడ్డకు చదువు చెప్పవలసిన వయస్సు వచ్చునప్పటికి తండ్రి వృద్ధుడయ్యెను. ఆ భారము తల్లి మీద పడెను. ఆ ఇంటిలో విద్యార్థులు, యాత్రికులు, పశువులు. పగలంతయు లక్ష్మీబాయికి తీరిక లేదు. కనుక ఆమె తెల్లవారకముందే, పక్షులు కూయుట ఆరంభించు వేళ, నిద్రమత్తులోనున్న చిన్నదానిని పడక మీదనుండి లేవనెత్తి, ముద్దుమాటలతో మేల్కొలిపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకములు వల్లె వేయించెడిది. ఎనిమిదవ ఏట ఆరంభమైన ఆ పాఠములు పదునైదవ ఏటి వరకు సాగెను. రమాబాయి వేలకొలది శ్లోకములను కంఠస్థము చేసెను. లక్ష్మీబాయి క్రీస్తును ఎరుగదు. కాని బిడ్డ హృదయములో మంచిమాట నాటుటకు వేళ లేదని ఎన్నడును సాకు చెప్పలేదు. వేళ లేకున్నచో నిద్రలోనుండి వేళను కోసి తీసెను. ఈ సంగతిని మన క్రైస్తవ తల్లులు ఒకింత సిగ్గుతోనైనను తలంచుట మేలు.

తరువాత ఆ కుటుంబము అప్పులపాలై, ఇల్లు విడిచి, పుణ్యక్షేత్రములలో పురాణములు చదువుచు దేశసంచారము చేసెను. 1874వ సంవత్సరపు కరవులో వారి కథ మన తెలుగు నేలకు వచ్చినది. ఉన్న నగలు, పాత్రలు, బట్టలు అన్నియు అమ్ముడుపోయెను. కూలి చేయుటకు వారికి పని తెలియదు. భిక్షమడుగుటకు నోరు రాదు. మరణింప నిశ్చయించుకొని తిరుపతి సమీపమున అడవిలో ప్రవేశించి, పదునొకండు దినములు నీళ్లు, ఆకులతో ప్రాణములు నిలుపుకొనిరి. కన్ను కానరాని వృద్ధుడగు తండ్రి కడసారిగా కుమార్తెను అక్కున చేర్చుకొని, మంచి మార్గమున నడువుమని, దేవుని సేవింపుమని బుద్ధి చెప్పెను. కొలది దినములలో ఆయన మరణించెను. కొన్ని వారములకే తల్లియు కన్నుమూసెను. ఆమె పాడె మోయుటకు చాలినంత మంది రాలేదు. నాలుగవ మనిషిగా రమాబాయియే వంగవలసి వచ్చెను. ఆమె పొట్టిది గనుక పాడె కొమ్మును భుజము మీద కాక తలమీద మోసెను. తెల్లవారుజామున తనను ఒడిలో కూర్చుండబెట్టుకొన్న తల్లిని ఆమె పదునారేండ్ల వయస్సున ఆ విధముగా సాగనంపెను. పెద్దక్కయు ఎక్కువ కాలము బ్రదుకలేదు.

మిగిలినది అన్న శ్రీనివాసుడు, తాను. వారిద్దరు కాలినడకన దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అచ్చటి పండితులు ఆమె విద్యకు ఆశ్చర్యపడి పండిత అనియు, సరస్వతి అనియు బిరుదములిచ్చిరి. 1880లో అన్న మరణించెను. అదే సంవత్సరమున ఆమె బిపిన్ బిహారీ మేధావి అను బంగాళీ వకీలును, కులభేదము పాటింపక, వివాహమాడెను. 1881 ఏప్రిల్‌లో వారికి కుమార్తె పుట్టెను. ఆమెకు మనోరమ అని పేరు పెట్టుకొనిరి. పది నెలలైనను గడువకముందే, 1882 ఫిబ్రవరిలో, భర్త కలరా వ్యాధిచే మరణించెను. ఇరువదిమూడేండ్ల విధవ చేతిలో పాలు త్రాగు ఆడబిడ్డ మిగిలెను.

భర్త బ్రదికియున్నప్పుడే సిల్చారులోని ఇంటిలో బంగాళీ భాషలోనున్న లూకా సువార్త పుస్తకమొకటి ఆమె చేతికి చిక్కెను. ఒక బాప్తిస్టు మిషనరీ వచ్చి ఆదికాండములోని సృష్టి వృత్తాంతమును ఆమెకు వివరించెను. అది భర్తకు ఇష్టము లేకపోయెను. విత్తనము మాత్రము పడినది. 1882లో ఆమె పూనాకు వచ్చి, మరుసటి సంవత్సరము రెండేండ్ల బిడ్డను వెంటబెట్టుకొని ఇంగ్లాండు దేశమునకు ఓడనెక్కెను. వాంటేజ్ అను ఊరిలో ఆంగ్లికన్ సహోదరీల మఠమున ఆశ్రయము పొంది, అచ్చట 1883 సెప్టెంబరు 29న తానును తన బిడ్డయు బాప్తిస్మము పొందిరి.

మన వ్యాసములలో సాధారణముగా కథ ఇచ్చట ఆగి స్తోత్రము చెప్పబడును. రమాబాయి కష్టములలో ఒక క్రొత్త విధమైనది ఇచ్చటనే ఆరంభమైనదని నా అభిప్రాయము. ఆమె చెల్టెన్హామ్ కళాశాలలో సంస్కృతము బోధించుచు తాను చదువుకొనుచుండగా, మనోరమ వాంటేజ్ సహోదరీల యొద్ద పెరిగెను. ఆ సహోదరీలు ప్రేమగలవారే. అయితే బిడ్డను ఏ సిద్ధాంతములలో, ఏ అలవాటులలో పెంచవలెనో తామే నిర్ణయింప జూచిరి. రమాబాయి అందుకు ఒప్పుకొనలేదు. ఈ బిడ్డ విషయమై దేవుని యెదుట లెక్క అప్పగించవలసినది తల్లిగా తానే యని ఆమె దృఢముగా తెలియజేసెను. బిడ్డ క్రీస్తును ప్రేమింపవలెను; కాని దానికొరకు స్వదేశమునకు పరాయిది కానక్కరలేదు. తాను జీవితాంతము శాకాహారిగానే యుండెను, స్వదేశపు చీరనే ధరించెను. తనకు ఆశ్రయమిచ్చి, అన్నము పెట్టి, ప్రభువును చూపినవారితోనే ఈ విషయమై ఎదురాడుట ఆమెకు ఎంత కష్టమై యుండును! అయినను కృతజ్ఞత ఒకటి, తల్లి బాధ్యత మరియొకటి యని ఆమెకు స్పష్టముగా తెలిసియుండెను.

ఈ మాటలు వ్రాయుచున్నది ఉక్కు పట్టణమైన భిలాయిలో, సెక్టర్ 6లో. 1959లో ఇచ్చట మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినది మొదలు తెలుగు కుటుంబములు ఉద్యోగములకై వచ్చి ఈ క్వార్టర్లలో స్థిరపడినవి. పిల్లలకు బడిలో హిందీ, ఉద్యోగమునకు ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు. తల్లి తెలుగు బైబిలు తెరచునప్పుడు బిడ్డకు అక్షరములు రావు. బిడ్డ ప్రార్థించునప్పుడు హిందీ మాటలు దొరలును. ఏ భాషలో ప్రార్థన నేర్పవలెను, ఏ అలవాటులను నిలుపుకొనవలెను, ఏవి విడిచినను నష్టము లేదు అను ప్రశ్న ఇచ్చటి ప్రతి తల్లికిని ఎదురగుచున్నది. రమాబాయి యెదుట నూరేండ్లకు పూర్వమే నిలిచినది ఈ ప్రశ్నయే. ఆమె దానిని సహోదరీలకు గాని, బడికి గాని, పాదిరిగారికి గాని వదలివేయలేదు.

1886లో ఆమె అమెరికాకు వెళ్లి, హిందూ విధవల దుస్థితిని గూర్చి ఊరూరను ప్రసంగించి, 1887లో ఒక గ్రంథము ప్రకటించి, సహాయము సమకూర్చుకొని, 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనమును స్థాపించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మారెను. బాలవిధవలకు అచ్చట విద్య నేర్పబడును, మతబోధ మాత్రము చేయబడదు. ఇది అందరకు ఇచ్చిన మాట. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘములో నుండిరి.

అయితే ప్రతి ఉదయము రమాబాయి తన గదిలో మనోరమను దగ్గర కూర్చుండబెట్టుకొని బైబిలు చదివి ప్రార్థించెడిది. ఆ గది తలుపు మూసెడిది కాదు. గుండు గీయబడి, శపింపబడినవారై పుట్టింటిలోను అత్తింటిలోను నిరాదరణ పొందిన ఆ పిల్లలకు, ఒక విధవ తన బిడ్డను చేరదీసి దేవునితో మాటలాడుచుండుట వింతగా తోచియుండును. మొదట గడప యొద్ద నిలిచిరి. తరువాత లోపలికి వచ్చి కూర్చుండిరి. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు.

పట్టణములో అలజడి పుట్టెను. తిలక్ గారి కేసరి పత్రిక తీవ్రముగా విమర్శించెను. సలహా సంఘమువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. తలిదండ్రులు నమ్మి పిల్లలను పంపిరి. ఆ నమ్మకమునకు భంగము కలుగరాదు. వారు కోరినదియు గొప్ప కోరిక కాదు: తల్లియు బిడ్డయు తలుపు మూసికొని ప్రార్థించుకొనిన చాలును. రమాబాయి ఆ ఒక్క పనిని చేయలేకపోయెను. నేను దాచుకొనవలసిన దేవుని నా బిడ్డకు ఎట్లు చూపగలనను తలంపు ఆమె నిర్ణయము వెనుక నుండెనని నాకు తోచును. తలుపు మూసియుండినయెడల మనోరమ ప్రార్థనతోపాటు భయమును కూడ నేర్చియుండెడిది. 1893లో పెద్దలు రాజీనామా చేసిరి. పోషకులు దాదాపు ఇరువదియైదుగురు బాలికలను తీసికొనిపోయిరి. సదనము సగము ఖాళీ అయ్యెను. ఆ ప్రార్థన మాత్రము మరునాడును జరిగెను.

1896-97లో మధ్యపరగణాలలో ఘోరమైన కరవు వచ్చెను. నేటి మన ఛత్తీస్‌గఢ్ ఆనాడు ఆ మధ్యపరగణాలలోనిదే. దుర్గ్ జిల్లాయే ఇంకను ఏర్పడలేదు. అది 1906లో ఏర్పడెను. భిలాయి ఒక పల్లె మాత్రము. కరవు వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవి జ్ఞాపకము వచ్చెను. ఆకలి యేమో, ఆకలిగొన్న ఆడపిల్ల మీద ఎవరి కన్ను పడునో ఆమెకు ఇతరులు చెప్పనక్కరలేదు. ఆమె తానే మధ్యపరగణాలకు బయలుదేరి, కరవు శిబిరములలోను, దారుల వెంటను, ఎముకల గూళ్లవలెనున్న బాలికలను చేర్చుకొనెను. కొలది నెలలలో మూడువందల మందిని తెచ్చెను. పూనాలో ప్లేగు భయముచేత అధికారులు వారిని ఉంచనీయకపోగా, కేడ్‌గాఁవ్‌లో కొనియుంచిన పొలములో గుడారములు వేయించెను. ముక్తి సదనము ఆ విధముగా పుట్టినది. 1900లో గుజరాతు కరవు తరువాత అచ్చట నివసించువారి సంఖ్య దాదాపు రెండువేలకు చేరెను.

వచ్చిన పిల్లలు కృతజ్ఞతతో పాదములకు మ్రొక్కిరని తలంపకుడి. ఆకలి వారిని మొరటువారిగా చేసియుండెను. అన్నము దాచుకొనువారు, దొంగిలించువారు, కొట్లాడువారు, రోగపీడితులు అనేకులు. వారికి స్నానము చేయించుట, పేలు తీయుట, పుండ్లు కడుగుట, మగ్గము, కుట్టుపని, వ్యవసాయము, అక్షరములు నేర్పుట, ఇవియే అచ్చటి దినచర్య.

ఇంత మందికి తల్లియైన స్త్రీకి కన్నబిడ్డతో గడుపుటకు మిగిలిన వేళ ఎంత? ఈ ప్రశ్నను అడుగక దాటుట న్యాయము కాదు. మనోరమ బాల్యములో కొంతకాలము తల్లికి దూరముగా పెరిగెను. చదువు నిమిత్తము అమెరికాకు వెళ్లి మరల దూరమయ్యెను. సువార్త సేవకుల పిల్లలు తమ తలిదండ్రులను ఊరితో పంచుకొనవలసి వచ్చి చేదుబారిపోవుట మనము చూచియున్నాము. హన్నా సమూయేలును మందిరములో విడిచివచ్చిన సంగతిని మనము సంతోషముతో చదువుదుము గాని, ఏటేట చిన్న అంగీ కుట్టుకొని పోయిన తల్లి మనస్సును అంతగా తలంచము. రమాబాయి కుమార్తెను సేవలో ఉండుమని నిర్బంధించినట్లు కనబడదు. మనోరమ తిరిగివచ్చి తల్లి ప్రక్కన నిలుచుట ఆ తెరచిన గదిలో నేర్చిన దానికి ఫలమే.

మనోరమ శారదా సదనపు పాఠశాలను తన భుజముల మీద వేసికొనెను. అంధ బాలికలకు బ్రెయిలీ లిపి నేర్పెను. నిజాము రాజ్యములోనుండిన గుల్బర్గాలో బాలికలకు పాఠశాల నెలకొల్పుటలో తల్లికి కుడిచేయి అయ్యెను. వివాహము చేసికొనలేదు. తల్లికి చెవుడు ముదిరిన కొలది వచ్చినవారి మాటలను ఆమెకు తెలియజేయుట మొదలు లెక్కలు చూచుట వరకు అన్నియు మనోరమయే. తన తరువాత ముక్తిని నడుపువారు ఎవరను చింత రమాబాయికి లేకుండెను. ఎదుటనే కుమార్తె యుండెను గదా.

1921 జూలై 24న, నలువది సంవత్సరముల వయస్సున, మనోరమ మరణించెను.

తిరుపతి అడవి, తల్లి పాడె, కలరా వాతబడిన భర్త, ఇవన్నియు రమాబాయి చూచినవే. ఇప్పుడు బిడ్డను కూడ ముందుగా పంపెను. ఆమె ప్రభువు మీద సణగలేదని, కుమార్తె ప్రభువు సన్నిధిలో నున్నదను నిరీక్షణతో నెమ్మదిగా నుండెనని ఆమెను ఎరిగినవారు సాక్ష్యమిచ్చిరి. నెమ్మదిగా నుండెనన్న మాటకు దుఃఖము లేదని అర్థము కాదు. ఆమె ఆరోగ్యము క్షీణించెను. చేతిలోనున్న పనిని మాత్రము విడువలేదు.

ఆ పని మరాఠీ బైబిలు. పండితుల భాషలో కాక, పల్లెటూరి స్త్రీకి అర్థమగు సులభమైన మాటలలో దేవుని వాక్యము ఉండవలెనని, అందుకొరకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని, ఆమె అనేక సంవత్సరములు అనువాదము చేయుచుండెను. కుమార్తె పోయిన తరువాత మిగిలిన నెలలలో ఆ పనిని ముగించి, 1922 ఏప్రిల్ 5న నిద్రించెను. 1924లో ఆ బైబిలు వెలువడెను. దాని అచ్చు అక్షరములను కూర్చినవారు ముక్తి ముద్రణశాలలో పనిచేయుచుండిన స్త్రీలు, రమాబాయి చేరదీసి అక్షరములు దిద్దించిన బిడ్డలు.