రెండు కాళ్ళు పోయినా తోటివారికి ఊతమైన డగ్లస్ బేడర్

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర పల్లెలే. వానలు సరిగా పడని ఆ నేలను విడిచి మన కుటుంబాలు ఎన్నో బెంగళూరుకు, ఇంకా దూర ప్రాంతాలకు చేరాయి. బతుకుతెరువు కోసం మిలిటరీలో చేరేవారూ ఉంటారు. విధి నిర్వహణలో కాలో చెయ్యో పోగొట్టుకొని ఇంటికి చేరిన జవానుకు పింఛను, మందులు ఒక ఎత్తు. అదే కష్టం పడిన మనిషి వచ్చి పక్కన కూర్చోవడం మరొక ఎత్తు. ఈ రెండవదాని విలువ తెలిసిన ఒకరి జీవితాన్ని ఈసారి పాఠకుల ముందుంచుతున్నాము.

డగ్లస్ బేడర్ 1910 ఫిబ్రవరి 21న లండనులో జన్మించారు. తండ్రి మన దేశంలో ఇంజనీరుగా పనిచేశారు. పసితనంలో కొద్దికాలం డగ్లస్ కూడా ఇక్కడ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తగిలిన గాయాల ఫలితంగా తండ్రి 1922లో మరణించారు. అయినా కుమారుడు బ్రిటిష్ వైమానిక దళాన్నే ఎంచుకున్నారు.

1931 డిసెంబరు 14న రెడింగ్ దగ్గర నేలకు మరీ దగ్గరగా విన్యాసం చేయబోగా విమానం కూలింది. డాక్టర్లు ఆయన కుడి కాలును మోకాలి పైన, ఎడమ కాలును మోకాలి కింద తీసివేయవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 21 ఏళ్ళు.

ఇక్కడ మార్సెల్ డెసౌటర్ అనే మరొకరి సంగతి చెప్పాలి. ఆయన కూడా విమాన చోదకుడే. 1913లో ప్రమాదంలో కాలు పోయింది. బరువైన కొయ్యకాలు పెట్టుకొని ఆయన పడుతున్న అవస్థ చూసి, తమ్ముడు చార్లెస్ విమానాలకు వాడే తేలికపాటి లోహంతో కాలు తయారుచేశాడు. మార్సెల్ మళ్ళీ విమానం నడిపారు. అంతటితో ఆగక, తనవంటివారి కోసం కృత్రిమ కాళ్ళ కార్ఖానా స్థాపించారు. బేడర్ నిలబడింది ఆ కార్ఖానా కాళ్ళ మీదనే. ఒకరి బాధలో నుండి పుట్టిన పని, 18 ఏళ్ళ తరువాత మరొకరిని నడిపించింది.

బేడర్ పడుతూ లేస్తూ, చేతికర్ర లేకుండా నడక నేర్చారు. 1933లో దళం నుండి పంపివేయగా ఆయిల్ కంపెనీలో ఉద్యోగం చేసుకున్నారు. 1939లో యుద్ధం రాగానే తిరిగి చేరి, దళనాయకుడయ్యారు. 1941 ఆగస్టు 9న ఫ్రాన్సు మీద విమానం దెబ్బతిన్నప్పుడు కుడి కృత్రిమ కాలు లోపల ఇరుక్కుంది. దాని పట్టీ తెగడంతో ప్యారాచూట్‌తో బయటపడి శత్రువుల చేతికి చిక్కారు. జర్మనుల అనుమతితో బ్రిటిష్ విమానం ఆయనకు వేరొక కాలును జారవిడిచింది. పలుమార్లు తప్పించుకోజూసి, చివరకు కోల్డిట్జ్ కోటలో 1945 వరకు ఖైదీగా ఉన్నారు.

ఆయనలో లోపాలు లేవని మేము చెప్పము. ముక్కోపి, మాట కటువు. చెరలో తనకు సేవచేసే సహాయకుడికి స్వదేశానికి పోయే అవకాశం వస్తే పోనివ్వలేదు. కష్టం పడినంత మాత్రాన మనిషికి ఎదుటివాని కష్టం దానంతటదే తెలిసిపోదు. అది కూడా నేర్చుకోవలసినదే.

యుద్ధానంతరం ఆయన జీవితంలో ఆ మార్పు కనిపిస్తుంది. తిరిగి కంపెనీ పని చేసుకుంటూనే, కొత్తగా కాళ్ళు చేతులు పోయిన సైనికులను, సామాన్యులను, పసిపిల్లలను ఆసుపత్రులలో కలిసేవారు. రెండు కాళ్ళూ లేని మనిషి మంచం దాకా నడిచి రావడమే వారికి సగం మందు. వికలాంగుల సేవకు గుర్తింపుగా 1976లో సర్ బిరుదు లభించింది. 1982 సెప్టెంబరు 5న కన్నుమూశారు. ఆయన పేరిట మిత్రులు, బంధువులు స్థాపించిన సంస్థ అవయవాలు కోల్పోయినవారికి తోడ్పడుతూ వచ్చింది.

మన దేశంలో జవాన్ల కోసం 1944లోనే పూణెలో కృత్రిమ అవయవ కేంద్రం ఏర్పడింది. కాలు అక్కడ దొరుకుతుంది. ఇంటికి వచ్చాక మిగిలిన కాలు సన్నబడి కొత్త కాలు వదులైనప్పుడు, లేని పాదం రాత్రివేళ మండినప్పుడు, అది పిచ్చి కాదు, అందరికీ అంతే అని ధైర్యం చెప్పవలసింది అనుభవించినవారే. మన పల్లెలలోగాని, మనం చేరిన పట్టణాలలోగాని అటువంటి అనుభవం ఉన్నవారు కొత్తగా కాలు పోయినవాని ఇంటికి ఒక్క పూట వెళ్ళి రావాలని మా మనవి.