పేరు కోరని ప్రతిభాశాలి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరిశోధకుని కృషిని కొలవడానికి శాస్త్రలోకంలో ఒక పద్ధతి ఉంది. అతడు ప్రకటించిన పత్రాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు తమ రచనలలో ఎన్నిసార్లు ప్రమాణంగా ఉదహరించారో లెక్కిస్తారు. ఈ లెక్కలో ముందువరుసలో నిలిచిన ఒక పత్రంపై తెలుగువాని పేరు ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. అయితే ఆయన సాధించిన వాటిలో అధికభాగం ఈ లెక్కకు అందదు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పేదరికం, బాలునికి చదువుపై నిలకడ లేదు. డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరిన కుమారుణ్ణి తల్లి వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో చేర్చింది. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో గానీ ఉత్తీర్ణుడు కాలేదు. అనంతరం మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

ఆ రోజులలోనే ఆయన సోదరులిద్దరిని స్వల్ప వ్యవధిలో స్ప్రూ అనే గ్రహణి వ్యాధి బలిగొన్నది. వైద్యుడై ఉండి కూడా ఆ మరణాలను ఆపలేకపోయిన వేదన ఆయనను పరిశోధన వైపు నడిపించింది. మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను అమెరికా చేరాడు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయింది. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

బోస్టన్‌లో చిన్న కొలువులు చేస్తూ హార్వర్డ్‌లో చదివి, సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే విధానాన్ని వారిద్దరూ 1925లో ప్రకటించారు. భాస్వరం ఎంత ఎక్కువగా ఉంటే ద్రావణం అంత ముదురు నీలంగా మారుతుంది. ఇంత సులువైన కొలమానం లభించడంతో ప్రపంచంలోని ప్రయోగశాలలన్నీ దానిని అనుసరించాయి. ఆ పత్రాన్ని వేలసార్లు ఉదహరించాయి. ఆ కొలమానం సహాయంతోనే కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెలుగులోనికి తెచ్చారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి లభించలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనలకు అధిపతి అయ్యాడు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఆ విటమిన్ మంచి మందుగా తేలింది. బోదకాలుకు హెట్రజాన్, పలు అంటువ్యాధులకు ఆరియోమైసిన్ కూడా ఆ ప్రయోగశాల నుండే వచ్చాయి. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్‌ను అక్కడి రసాయనజ్ఞులు రూపొందించగా, దానిని ప్రయోగించి సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికమైన ఉపశమనం కలిగించాడు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ కాలక్రమంలో క్యాన్సర్ చికిత్సను దాటి రోగనిరోధక శాస్త్రంలోనూ స్థానం సంపాదించింది. దేహరక్షణ వ్యవస్థ దారితప్పి సొంత కీళ్ళపైనే దాడిచేసే కీళ్ళవాతంలో, తక్కువ మోతాదులో ఇచ్చే ఈ మందు ఆ దాడిని అదుపు చేస్తుంది.

ఫార్బర్ 1948లో ప్రకటించిన పత్రంలోని రచయితలలో సుబ్బారావు పేరు లేదు. ఆరియోమైసిన్‌ను లోకానికి తెలిపిన పత్రం వెలువడినది దుగ్గర్ పేరుతో. ఫోలిక్ ఆమ్ల పత్రంలో ఆయన పదహారుమందిలో ఒకడు. సహచరులకు గుర్తింపు దక్కితే చాలునని తాను వెనుక నిలబడిన సుబ్బారావు, 1948 ఆగస్టులో యాభైమూడేళ్ళ వయస్సులో గుండెపోటుతో కన్నుమూశాడు. 1995లో, ఆయన శతజయంతి సందర్భంగా, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళను విడుదల చేసింది.

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప చేలలో, పత్తి చేలలో కూలికి వెళ్ళే గర్భిణికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. ఆ మాత్ర వెనుక భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాని శ్రమ ఉన్నదని ఆమెకు తెలియకపోవచ్చు. ఉదాహరణల లెక్క ఆయన కీర్తిలో కొంత భాగాన్నే చూపగలదు. మిగిలినదంతా ఆ మాత్ర వేసుకొని ఆరోగ్యంగా బిడ్డను కన్న తల్లులలో ఉంది.