ఆయుధం లేని కాపలా

ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ (1890–1988)ను మనం 'సరిహద్దు గాంధీ'గానే ఎరుగుదుం. ఆయన సహనానికి మూలం మక్కాలో దైవప్రవక్త (స) గడిపిన జీవితమన్నది మరచిపోతుంటాం. తరతరాల పగలతో నలిగిన పఠాన్లలో 1929లో ఆయన 'ఖుదాయీ ఖిద్మత్‌గార్' (దైవ సేవకులు) దళాన్ని నెలకొల్పారు. హింసకు పాల్పడబోమని, ప్రతీకారం తీర్చుకోబోమని దైవసాక్షిగా ప్రమాణం చేసినవారికే అందులో చోటు. 1930 ఏప్రిల్ 23న పెషావర్ కిస్సాఖ్వానీ బజారులో తెల్లదొరల తూటాలకు ఎదురుగా వారు నిరాయుధులుగానే నిలబడ్డారు.

అంతకంటే కఠినమైన పరీక్ష 1947లో వచ్చింది. మత కల్లోలం చెలరేగినప్పుడు పెషావర్‌లో హిందువులకు, సిక్కులకు ఈ ముస్లిములే రక్షణగా నిలిచారు. ఆ రోజుల్లో గఫార్ ఖాన్ అక్కడ లేరు. బీహార్‌లో, అల్లర్లలో సర్వం కోల్పోయిన ముస్లిముల మధ్య ఊరూరా తిరుగుతున్నారు. 1948 నుండి పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనను ఏళ్ళ తరబడి జైళ్ళలో ఉంచింది. అల్లాహ్ ఆయనను కరుణించుగాక!