ఓలే ఎవిన్‌రూడ్ – పడవకు మోటారు బిగించిన మేస్త్రి

పాఠ్యభాగ నేపథ్యం

పాతబడి మూలబడిన పడవ మోటార్లను కొని, బాగుచేసి, తిరిగి నీటిమీద నడిపించడం అమెరికాలోను, ఐరోపాలోను ఎందరికో ప్రీతిపాత్రమైన వ్యాపకం. అట్టి మోటార్లలో చాలావాటిమీద కనిపించే పేరు ఎవిన్‌రూడ్. ఆ పేరు ధరించిన మనిషి జీవితాన్ని, ఆయన యంత్రాలు నేటికీ బాగుపడి నడవడానికి గల కారణాన్ని ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

ఓలే ఎవిన్‌రూడ్ 1877 ఏప్రిల్ 19వ తేదీన నార్వే దేశంలో జన్మించాడు. ఆయనకు ఐదేళ్ల ప్రాయంలో ఆ కుటుంబం జీవనోపాధిని వెదుక్కుంటూ అమెరికాకు వలస వెళ్లి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి గ్రామ సమీపంలో స్థిరపడింది. సేద్యపు పనుల మూలంగా ఓలే చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. కాని ఇంటికి దాపున ఉన్న రిప్లే సరస్సు ఆ బాలుణ్ణి ఆకర్షించింది. పడవ కోసం అతడు కూర్చుకున్న కొయ్యముక్కలను తండ్రి పొయ్యిలో పెట్టాడని, అయినా నిరుత్సాహపడక కొడుకు రహస్యంగా మరొక పడవను నిర్మించి సరస్సులో నడిపాడని ఆయన బాల్యాన్ని గురించి చెప్పుకుంటారు.

పదహారవ ఏట ఓలే మాడిసన్ నగరానికి చేరి, వ్యవసాయ యంత్రాలను తయారుచేసే కర్మాగారంలో పనికి కుదిరాడు. పగలు పనిచేస్తూ, రాత్రివేళ గణితాన్ని, యంత్రశాస్త్రాన్ని స్వయంగా అభ్యసించాడు. అనంతరం పిట్స్‌బర్గులోని ఉక్కు కర్మాగారాలలోను, చికాగోలోను పనిచేసి నిపుణుడైన మేస్త్రిగా పేరు పొందాడు. 1900 ప్రాంతంలో మిల్వాకీ నగరం చేరుకొని, ఒక భాగస్వామితో కలిసి ఇంజన్లు తయారుచేసే చిన్న దుకాణం తెరిచాడు.

ఓలేకు పనిమీద ఉన్న శ్రద్ధ లెక్కలమీద, ఉత్తరాలమీద ఉండేది కాదు. ఆ లోటును తీర్చిన యువతి బెస్ కేరీ. వాణిజ్య విద్య నేర్చుకుంటున్న ఆమె, సాయంకాలాలలో ఆయన దుకాణపు ఉత్తర ప్రత్యుత్తరాలను చక్కబెట్టేది. 1906లో వారి వివాహం జరిగింది.

ఓలే పేరు వినగానే అందరికీ జ్ఞాపకం వచ్చే కథ ఒకటి ఉన్నది. ఒక వేసవి రోజున ఆ ఇద్దరూ మిత్రులతో కలిసి ఓకాచీ సరస్సు తీరానికి విహారానికి వెళ్లారు. బెస్ ఐస్‌క్రీము కావాలని కోరింది. ఓలే మండుటెండలో తెడ్లు వేస్తూ సరస్సు దాటి వెళ్లి దానిని కొన్నాడు. తిరిగి వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయింది. పడవ వెనుక ఒక మోటారు ఉంటే ఎంత బాగుండునన్న ఆలోచన ఆ క్షణంలో ఆయనకు కలిగిందంటారు. పడవకు వెలుపల మోటారు బిగించే ప్రయత్నం అంతకు పూర్వమే కొందరు చేశారు. కాని సామాన్యుడు నమ్మి కొనదగిన యంత్రాన్ని రూపొందించి, ప్రజలలోకి తీసుకువెళ్లిన ఘనత ఓలేకు దక్కింది.

ఆయన యంత్రం చూడడానికి సాదాసీదాగా ఉండేది. పైన ఒకే సిలిండరు గల ఇంజను, దాని నెత్తిమీద చేతితో తిప్పే చక్రం, అక్కడినుండి నిలువుగా నీటిలోకి దిగే ఇరుసు, దాని అడుగున పళ్లచక్రాలు, వాటి సాయంతో తిరిగే పంకా – అంతే. పడవ వెనుక పలకకు మరలతో బిగించి, పని ముగిశాక విప్పి ఇంటికి తీసుకుపోవచ్చు. మోటారు మొత్తాన్ని పక్కకు తిప్పితే పడవ తిరుగుతుంది గనుక వేరే చుక్కానితో పనిలేదు. తొలి నమూనాను చూసిన బెస్, అది కాఫీగింజల మరను పోలి ఉన్నదని పరిహసించిందట. ఒక మిత్రుడు దానిని ఎరువు తీసుకొని సరస్సు మీద నడిపి, తిరిగి వచ్చేటప్పుడు పది మోటార్లకు గిరాకీ తెచ్చాడని చెబుతారు.

1909లో మోటార్ల అమ్మకం ఆరంభమైంది. ఒకటిన్నర అశ్వశక్తి, 62 పౌన్ల బరువు, 62 డాలర్ల ధర గల ఆ మోటారు ప్రజాదరణ పొందింది. తెడ్లు విసిరిపారవేయమని ఉద్బోధిస్తూ బెస్ స్వయంగా రచించిన ప్రకటన దేశమంతటా ప్రచారంలోకి వచ్చింది. స్కాండినేవియా జాలరులు సైతం ఈ మోటార్లను కొన్నారు. 1911లో ఓలేకు పేటెంటు లభించింది. అదే కాలంలో క్రిస్ మేయర్ అనే భాగస్వామి పెట్టుబడితో చేరాడు.

కర్మాగారం వృద్ధి చెందుతున్న కొద్దీ, పగలనక రాత్రనక శ్రమించిన బెస్ ఆరోగ్యం క్షీణించింది. ఓలే ఎదుట రెండు మార్గాలు నిలిచాయి: తన పేరు మోస్తున్న సంస్థ ఒకటి, ఆ సంస్థకు ప్రాణం పోసిన భార్య ఒకటి. ఆయన రెండవ మార్గాన్నే ఎంచుకున్నాడు. 1914 ప్రాంతంలో తన వాటాను మేయర్‌కు అమ్మివేసి, ఐదేళ్లపాటు ఆ వ్యాపారంలో పోటీకి రానని ఒప్పుకొని, భార్యతోను, కుమారుడు రాల్ఫ్‌తోను దేశసంచారానికి బయలుదేరాడు.

గడువు ముగిసేనాటికి బెస్ కొంత కోలుకున్నది. ఈలోగా ఓలే అల్యూమినియం వాడి, రెండు సిలిండర్లతో తేలికైన మోటారును రూపొందించాడు. దానిని ముందుగా మేయర్‌కే చూపించాడు. మేయర్ నిరాకరించాడు. అప్పుడు ఓలే, బెస్ కలిసి 1921లో ఎల్టో అనే కొత్త సంస్థను స్థాపించారు. తన పేరే గల సంస్థతో తానే పోటీ పడవలసిన విచిత్ర పరిస్థితి ఆయనకు ఏర్పడింది. 48 పౌన్ల బరువుతో మూడు అశ్వశక్తులనిచ్చిన ఎల్టో మోటారు ఆ పోటీలో నిలదొక్కుకున్నది. 1929లో ఎల్టో, ఎవిన్‌రూడ్, లాక్‌వుడ్ సంస్థలు విలీనమై ఏర్పడిన నూతన సంస్థకు ఓలే అధ్యక్షుడయ్యాడు. పదిహేనేళ్ల తరువాత ఆయన పేరు ఆయనను చేరుకున్నది.

1933లో బెస్ మరణించింది. మరుసటి ఏడు, 1934 జూలై 12న ఓలే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 57 ఏళ్లు. రాల్ఫ్ ఎవిన్‌రూడ్ ఆ వ్యాపారాన్ని ముందుకు నడిపాడు. కాలక్రమంలో ఆ సంస్థ ఎంతో పెరిగి, 2000లో దివాలా తీసింది. వేరొకరి చేతికి వెళ్లిన ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో నిలిచిపోయింది.

కర్మాగారం మూతపడినా మోటార్లు మూలబడలేదు. 1965లోనే అమెరికాలో పాత మోటార్ల అభిమానులు ఒక సంఘంగా ఏర్పడ్డారు. వారు పాత సామాన్ల అంగళ్లలో, ఇంటి వెనుక కొట్టాలలో తుప్పుపట్టి పడివున్న మోటార్లను స్వల్ప వెలకు కొంటారు. కొనేముందు పైచక్రాన్ని చేతితో తిప్పి చూస్తారు. అది కదలకపోతే ముషలకం సిలిండరులో బిగిసిపోయిందని అర్థం. అప్పుడు లోపల నూనె పోసి రోజుల తరబడి ఓపికపట్టాలి. కదిలితే స్పార్కు వస్తున్నదా, లోపల ఒత్తిడి నిలుస్తున్నదా అని పరీక్షిస్తారు. ఎండిపోయిన పెట్రోలు జిగురుతో పూడుకుపోయిన కార్బ్యురేటరును విప్పి కడుగుతారు. దొరకని విడిభాగం కోసం అదే రకం మోటారు మరొకటి కొని, రెండింటిని కలిపి ఒకటి చేస్తారు. పెట్రోలులో తగినంత నూనె కలిపి, నీరు నింపిన పీపాలో మోటారును ముంచి నడిపి చూస్తారు. నీరు లేకుండా నడిపితే ఇంజను వేడెక్కి చెడిపోతుంది. పాత రంగు గీకి కొత్త రంగు వేయాలా, కాలం మిగిల్చిన రంగునే కాపాడాలా అన్న వాదం మాత్రం వారిలో నేటికీ తెగలేదు.

నూరేళ్లు గడచినా ఈ పని సాధ్యమవుతున్నదంటే, అందుకు కారణం ఓలే చేతివాటమే. ప్రతి భాగం కంటికి కనబడుతుంది, స్పానరుకు లొంగుతుంది, ఏది ఎందుకున్నదో చూడగానే తెలుస్తుంది. బడి చదువు అంతగా లేని ఒక మేస్త్రి, తనవంటి మరొక మేస్త్రికి అర్థమయ్యేటట్లు నిర్మించిన యంత్రమది. సంస్థలు చేతులు మారాయి, మూతపడ్డాయి. పీపాలోని నీటిని చిమ్ముతూ పాత మోటారు తిరిగి మోగినప్పుడు మాత్రం ఓలే పనితనం కొత్తగా వినిపిస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

వ్యాపకం – తీరికవేళ ఇష్టంతో చేసే పని
దాపు – దగ్గర
ఎరువు – తిరిగి ఇచ్చే షరతుమీద తీసుకున్న వస్తువు
ఉద్బోధించు – ప్రేరేపించు
ముషలకం – పిస్టను
చేతివాటం – పనిలో నేర్పు

ప్రశ్నలు

1. ఓలే ఎవిన్‌రూడ్ విజయంలో బెస్ కేరీ పాత్రను వివరించండి.
2. ఓలే తన పేరు గల సంస్థతో తానే పోటీ పడవలసి రావడానికి కారణాలేమిటి?
3. పాత మోటారును కొనేవారు దానిని ఏ విధంగా పరీక్షించి బాగుచేస్తారు?