ఫలక్‌నుమా కట్టించిన నవాబుకు దక్కినది పిసల్‌బండ నేల

హైదరాబాద్, పాతబస్తీ: ఫలక్‌నుమా పేరు వినని నగరవాసి ఉండడు. ఎవరు కట్టించారని అడిగితే మాత్రం నిజాం అని చెప్పేవారే ఎక్కువ. నిజానికి ఆ మేడను కట్టించినది నిజాం కాదు, ఆయన కొలువులో ప్రధానిగా పనిచేసిన సర్ వికార్-ఉల్-ఉమ్రా. ఎంతో మోజుపడి కట్టుకున్న ఆ మేడ కొద్ది ఏళ్లకే ఆయన చేయి దాటిపోయింది. చివరకు ఆయనకు మిగిలినది సంతోష్‌నగర్ సమీపాన పిసల్‌బండలో, తాతముత్తాతల సమాధుల సరసన ఆరడుగుల నేల.

ఆ స్థలాన్ని జనం పైగా సమాధులని పిలుస్తారు. నిజాం ప్రభువుల కోసం అశ్వదళాన్ని పోషించే బాధ్యతతో పెద్ద జాగీర్లు పొందిన వంశం వారిది. ఈ వంశానికి ఆద్యుడు రెండవ నిజాం కొలువులోని అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్. షంస్-ఉల్-ఉమ్రా బిరుదు పొందిన ఆయనను 18వ శతాబ్దం చివర ఇక్కడే ఖననం చేశారు. అది మొదలు కొడుకులు, మనుమలు, వారి బేగంలు తరతరాలుగా ఈ నేలకే చేరారు. రాజ్యంలో నిజాం తరువాత అంతటి వైభవం ఈ ఇంటివారిదే. నిజాం ఇంటి ఆడపడుచులను పెళ్లాడే గౌరవం కూడా వీరికి దక్కింది.

ఈ వంశంలోనే 1856లో ఫజ్లుద్దీన్ ఖాన్ జన్మించారు. తండ్రి రషీదుద్దీన్ ఖాన్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పసివాడుగా ఉన్న రోజుల్లో మొదటి సాలార్‌జంగ్‌తో కలిసి రాజ్యభారం మోసిన పెద్దల్లో రషీదుద్దీన్ ఒకరు. ఆయన 1881లో మరణించారు. ఫజ్లుద్దీన్ ఖాన్ నిజాం సోదరిని వివాహమాడారు. ఇక్బాల్-ఉద్-దౌలా, వికార్-ఉల్-ఉమ్రా అనే బిరుదులతో ప్రసిద్ధి పొందారు. వికారాబాద్ పట్టణం పేరులో నేటికీ నిలిచి ఉన్నది ఈ వికార్-ఉల్-ఉమ్రా బిరుదే.

ఇరవై ఎనిమిదేళ్ల వయస్సు నిండకముందే, 1884 మార్చి 3న, ఆయన చార్మినార్‌కు దక్షిణంగా ఉన్న కొండమీద కొత్త మేడకు పునాదిరాయి వేశారు. విలియం వార్డ్ మారెట్ అనే ఇంగ్లీషు శిల్పి నమూనా గీశారు. ఇటలీ నుంచి పాలరాయి వచ్చింది. పని దాదాపు తొమ్మిదేళ్లు సాగింది. ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చుని భోజనం చేయగల గది అందులో ఉంది. ఆకాశానికి అద్దం అనే అర్థంలో దానికి ఫలక్‌నుమా అని పేరు పెట్టారు.

మేడ పూర్తయ్యే నాటికే రాజ్యంలో అత్యున్నత పదవి ఆయనను వరించింది. దాయాదియైన సర్ ఆస్మాన్ జా 1893లో ప్రధాని పదవి నుంచి తప్పుకోగా, ఆ బాధ్యత వికార్-ఉల్-ఉమ్రా మీద పడింది. ఒకే వంశం నుంచి వరుసగా ఇద్దరు ప్రధానులు కావడం విశేషం. అయితే ఆయన పదవీకాలం పూలపాన్పు కాదు. 1896-97లో ఒకసారి, 1899-1900లో మరొకసారి దక్కన్‌ను కరువు పీడించింది.

ఇంతలో మేడ ఖర్చు నవాబు ఖజానాను గుల్ల చేసిందని, అప్పులు కూడా చేయవలసి వచ్చిందని చెబుతారు. 1897 ప్రాంతంలో ఫలక్‌నుమా నిజాం పరమైంది. విడిదికి వచ్చిన ప్రభువు మేడను మెచ్చుకోగా నవాబు దానిని నజరానాగా సమర్పించారని, నిజాం ఊరికే పుచ్చుకోక సొమ్ము ఇప్పించారని నగరంలో ఒక కథ ప్రచారంలో ఉంది. మహబూబ్ అలీ ఖాన్ 1911లో కన్నుమూసింది ఆ మేడలోనే. 2010లో అది హోటలుగా మారింది.

ఫలక్‌నుమా వదిలిన నవాబు బేగంపేటలో మరో మేడ కట్టించారు. 1901లో ప్రధాని పదవి మహారాజా కిషన్ పర్షాద్‌కు దక్కింది. మరుసటి ఏడాది, 1902లో, వికార్-ఉల్-ఉమ్రా మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై కూడా నిండలేదు. మేడ పోయింది, పదవి పోయింది. పిసల్‌బండలో తాతలు వదిలిన చోటు మాత్రం ఎవరికీ ఇచ్చుకోనక్కరలేనిదై ఆయన కోసం మిగిలి ఉంది.

కుతుబ్‌షాహీ గోరీలవలె ఇక్కడ ఆకాశాన్నంటే గుమ్మటాలు లేవు. ఉన్నదంతా నగిషీయే. సున్నపు గచ్చుతో తీర్చిన పూలు, పండ్లు, తీగలు గోడలనిండా కనిపిస్తాయి. జాలీలు ఒకదాని పోలిక మరొకదానికి లేకుండా చెక్కి ఉన్నాయి. ఎండ వాటిగుండా జారి పాలరాతి సమాధులమీద ముగ్గులు వేస్తుంది.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. తాతల సమాధులను కాపాడుకునేందుకు ఆధారమైన రాబడి కాస్తా పోయింది. చుట్టూ ఇళ్లు పెరిగి ఆవరణ ఇరుకైంది. వానలకు గచ్చు ఊడింది, జాలీలు విరిగాయి. సున్నపు పని అనాథ అయితే రాతి పని అంత కాలం నిలవదు.

బేగంపేటలో నవాబు కట్టించిన మేడలో 2008 నుంచి 2023 వరకు అమెరికా కాన్సులేటు నడిచింది. ఆ మేడను ఖాళీ చేసిన సంవత్సరంలోనే, పైగా సమాధుల్లో ఆరింటి మరమ్మతులకు అమెరికా రాయబారి నిధి నుంచి రెండున్నర లక్షల డాలర్ల సాయం ప్రకటించారు. పనిని ఆగా ఖాన్ ట్రస్టు చేపట్టింది.

ఫలక్‌నుమాకు కాపు కాసేవారికి కొదవ లేదు. గదికి వేలకు వేలు చెల్లించి బస చేసేవారున్నంత కాలం దాని గోడకు సున్నం తప్పదు. పిసల్‌బండకు ఆ రాబడి లేదు. మేడ కట్టించిన వాని పేరు అక్కడి గచ్చు పూలనే నమ్ముకుని ఉంది. విరిగిన జాలీని తిరిగి అతికించినా, ప్రతి వానాకాలం ముందు దాని సంగతి చూసేవారుంటేనే ఆ పేరు నిలుస్తుంది.