కెప్టెన్ డ్రేఫస్ జీవితము - పై కోర్టు న్యాయము

క్రింది కోర్టులో ఓడినవాడు పై కోర్టుకు పోవుట మన పల్లెలలో అందరెరిగిన సంగతియే. కాని పై కోర్టు ఏమి చూచును? వ్యాజ్యమును మొదటినుండి మరల విచారించునా? లేక క్రింది కోర్టు నడచిన దారి సరియైనదా యని మాత్రమే పరీక్షించునా? ఫ్రాన్సు దేశపు సైనికోద్యోగి ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ జీవితము ఈ ప్రశ్నకు చక్కని సమాధానము.

డ్రేఫస్ 1859 అక్టోబరు 9వ తేదీన ఆల్సేస్ సీమలోని ములూజ్ పట్టణమున, బట్టల మిల్లు గల యూదు కుటుంబమున జన్మించెను. 1870-71 యుద్ధానంతరము ఆ సీమ జర్మనీ వశమయ్యెను. డ్రేఫస్ ఫ్రాన్సునే తన దేశముగా నెంచి, ఫిరంగిదళమున చేరి, కెప్టెనై, సైన్య ప్రధాన కార్యాలయమున పనిచేయుచుండెను.

1894లో ప్యారిస్‌లోని జర్మనీ రాయబార కార్యాలయమునుండి సంతకము లేని జాబొకటి ఫ్రెంచి గూఢచారులకు చిక్కెను. సైనిక రహస్యములు అమ్మజూపిన జాబు అది. అనుమానము డ్రేఫస్ మీదికి పోయెను. దస్తూరిని పరీక్షించిన నిపుణులు ఐదుగురు. అందు ముగ్గురు అది అతని వ్రాతయే యనిరి, ఇద్దరు అంగీకరింపలేదు. ముగ్గురిలో ఒకడైన బెర్టిలాన్, పోలిక లేని చోట్ల డ్రేఫస్ కావలెననియే తన వ్రాతను మార్చెనని వాదించెను. ఇట్లు పోలికయు సాక్ష్యమే, భేదమును సాక్ష్యమే అయినది!

విచారణ తలుపులు మూసి జరిగెను. తీర్పునకు ముందు సైన్యాధికారులు ఒక రహస్య దస్త్రమును న్యాయాధిపతులకు చాటుగా అందించిరి. ముద్దాయికి గాని, అతని వకీలునకు గాని దాని జాడయే తెలియదు. 1894 డిసెంబరు 22న ఏడుగురు సైనిక న్యాయాధిపతులు ఏకగ్రీవముగా యావజ్జీవ ప్రవాసశిక్ష విధించిరి. డ్రేఫస్ అప్పీలు చేసికొనెను. సైనిక పునఃపరిశీలక సభ చూడవలసినది విచారణక్రమమే. కాగితములపై ఆ క్రమము సరిగానే యుండెను. జరిగిన అన్యాయము కాగితములకు ఎక్కనేలేదు. డిసెంబరు 31న అప్పీలు కొట్టివేయబడెను.

1895 జనవరి 5న సైనికుల యెదుట అతని పట్టీలు పెరికి, కత్తి విరిచిరి. పిమ్మట దక్షిణ అమెరికా తీరమున సైతాను దీవి యని పేరొందిన చోట నాలుగేండ్లకు పైగా ఏకాంతమున బంధించిరి.

1896లో పికార్ అను సైనికోద్యోగి, ఆ దస్తూరి ఎస్టర్‌హాజీ అను మరియొక అధికారిదని కనుగొనెను. పైవారు పికార్‌ను దూరదేశమునకు పంపిరి. 1898 జనవరిలో సైనిక న్యాయస్థానము ఎస్టర్‌హాజీని నిర్దోషిగా విడిచిపెట్టెను. వెంటనే నవలాకారుడు ఎమిల్ జోలా పత్రికాముఖమున ఈ అన్యాయమును లోకమునకు చాటెను. డ్రేఫస్‌కు ప్రతికూలముగా చూపిన పత్రమొకటి కూటసృష్టి యని ఆ యేడే తేలెను.

అప్పుడు డ్రేఫస్ భార్య లూసీ విన్నపముపై వ్యవహారము ఫ్రాన్సు సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. దానికి కస్సేషన్ కోర్టని పేరు. తీర్పును రద్దుచేయు కోర్టని అర్థము. సాధారణముగా అది దోషియెవరో తేల్చదు. చట్టము చక్కగా పాటింపబడెనా యని చూచి, తప్పున్నచో తీర్పును రద్దుచేసి మరియొక కోర్టునకు పంపును. తీర్పు తరువాత క్రొత్త సంగతులు బయటపడినచో, వానిని గూడ విచారించును. 1899 జూన్ 3న ఆ కోర్టు మొదటి తీర్పును రద్దుచేసి, రెన్ పట్టణపు సైనిక న్యాయస్థానమునకు విచారణను అప్పగించెను.

కాని ఆ న్యాయస్థానమును అదే సైన్యమునకు చెందినది. సెప్టెంబరు 9న ఐదుగురు దోషియని, ఇద్దరు కాదని తేల్చగా, పదియేండ్ల శిక్ష పడెను. పదిదినములకు దేశాధ్యక్షుడు క్షమాభిక్ష నొసగెను. క్షమాభిక్ష శిక్షను తొలగించును గాని నేరమును తుడువదు. ఆరోగ్యము చెడియున్న డ్రేఫస్ దానిని స్వీకరించియు, నిర్దోషిత్వమును నిరూపించుకొను పట్టు విడువలేదు.

1903లో మరల విన్నవించుకొనెను. ఈమారు కస్సేషన్ కోర్టు తానే దీర్ఘముగా దర్యాప్తు నడపెను. పాంకరే మొదలగు ముగ్గురు గణితశాస్త్రవేత్తలు బెర్టిలాన్ లెక్కలను పరీక్షించి, వానికి శాస్త్రీయ విలువ లేదని నివేదించిరి. 1906 జూలై 12న కోర్టులోని విభాగములన్నియు కూడి రెన్ తీర్పును రద్దుచేసెను. మోపుటకు నేరమే మిగులలేదు గనుక మరల క్రింది కోర్టునకు పంపనక్కరలేదనెను. మూడవమారు సైనికులకే పంపవలసినదని కొందరు ఆక్షేపించిరి. కాని ఆ నిర్ణయమే నిలిచెను.

డ్రేఫస్ మేజరుగా సైన్యమున చేరెను; ప్రథమ ప్రపంచయుద్ధమునను సేవచేసెను. 1935 జూలై 12న, తన్ను నిర్దోషిగా ప్రకటించిన తీర్పు వెలువడి సరిగా 29 ఏండ్లు నిండిన దినముననే, మరణించెను.

పాఠకులారా! పై కోర్టుండుట మాత్రమున న్యాయము చేకూరదు. ముద్దాయి చూడని కాగితము తీర్పునకు ఆధారము కారాదు. నిపుణుని మాటయైనను పరీక్షకు నిలువవలెను. తప్పు చేసినవారి చేతికే దిద్దుబాటు నప్పగింపరాదు. ఈ మూడును కుదిరిననాడే అప్పీలునకు అర్థముండును. అవి కుదురుటకు డ్రేఫస్ పండ్రెండేండ్లు వేచియుండవలసి వచ్చెను.