ఘంటసాల మాస్టారి ఉద్యోగ వేట

చిల్లకూరులో ఉండి డిగ్రీయో బీటెకో పూర్తిచేసిన మీకు చెన్నై పెద్ద దూరమేం కాదు. పక్కనే ఉన్న గూడూరులో రైలెక్కితే కొన్ని గంటల్లో దిగిపోతారు. ఇంటర్వ్యూ ఉంటే పొద్దున వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. ఎనభై ఏళ్ల క్రితం కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రాడు ఇదే లైనులో, ఇదే గూడూరు దాటుకుంటూ మద్రాసు వెళ్లాడు. ఆయనకు ఇంటర్వ్యూ కాల్ లేదు, రిటర్న్ టికెట్టూ లేదు. ఆయన పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు. పాటలు మీ ఇంట్లో పెద్దవాళ్లు వినేవే. ఆ పాటల వెనకున్న కెరీర్ గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం.

1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య మృదంగం వాయిస్తూ, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ తరంగాలకు పసివాడు అడుగులు వేస్తుంటే ఊరివాళ్లు బాలభరతుడని పిలిచేవారట. అంటే ఆయన కెరీర్ మొదలైంది నాట్యంతో. తండ్రి త్వరగానే చనిపోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఆదుకున్నది మేనమామ.

చేతిలో డబ్బు లేని పిల్లాడు సంగీతం ఎక్కడ నేర్చుకుంటాడు? గురువుల ఇళ్లలో నీళ్లు మోసి, బట్టలుతికి, వంట చేసి పాఠం అడిగారు. పని చేయించుకున్నంతగా పాఠం చెప్పినవాళ్లు తక్కువ. ఫ్రీ ఇంటర్న్‌షిప్ పేరుతో నెలలకు నెలలు పని చేయించుకుని, చివరికి సర్టిఫికెట్ కూడా ఇవ్వని చోట్లు మీకూ తెలిసే ఉంటాయి. ఆయన అక్కడే ఉండిపోలేదు. నలభై రూపాయలు చేసే ఉంగరాన్ని 8 రూపాయలకు అమ్ముకుని విజయనగరం బయల్దేరారు. అక్కడ 1919లో గజపతులు పెట్టిన సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి ప్రిన్సిపాల్.

తీరా వెళ్తే వేసవి సెలవులు, కాలేజీ మూసేశారు. బతిమాలుకుంటే ఆవరణలో ఉండనిచ్చారు. రోజుకో ఇంట్లో వారాలు చేసుకుని తినేవారు. తోటి కుర్రాళ్లెవరో చేసిన తప్పు ఈయన మీదపడి అక్కడి నుంచి గెంటేశారు. అది విని వారాలు పెట్టేవాళ్లూ రావద్దన్నారు. గుడిలో తలదాచుకున్న కుర్రాణ్ని పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంటికి తీసుకెళ్లి, పైసా తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. శాస్త్రిగారూ పేదవారే, అన్నం పెట్టే స్తోమత లేదు. దాంతో ఘంటసాల జోలె కట్టుకుని మాధుకరానికి, అంటే ఇంటింటికీ వెళ్లి అన్నం అడుక్కోవడానికి తిరిగారు. తెచ్చుకున్నది రెండు పూటలకు సర్దుకునేవారు. నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలో పూర్తిచేశారు.

ఇక్కడ ఒక్క మాట. ఈ కథ చెప్పి, కష్టపడితేనే పైకొస్తారు కాబట్టి పస్తులుండమని మీకు చెప్పేవాళ్లుంటారు. నమ్మకండి. ఆకలి ఆయనకు సంగీతం నేర్పలేదు. నేర్పింది శాస్త్రిగారు. ఆ గురువు దొరక్కపోతే ఆ గొంతు ఏ గుళ్లోనో భజనలకే మిగిలిపోయేది.

చదువయ్యాక ఏముంది? ఊరికొచ్చి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో కచేరీలు, పిల్లలకు పాఠాలు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయి జైల్లో ఉన్నారు. 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. ఆ సాయంత్రం తన పెళ్లికి తనే కచేరీ చేశారు. ఆ రోజుల్లోనే సినీరచయిత సముద్రాల సీనియర్ ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. అది ఆఫర్ లెటర్ కాదు, ఉత్త మాటే.

ఆ మాట పట్టుకుని వెళ్లారు. సముద్రాల ఇల్లు చిన్నది, భారం కాకూడదనుకున్నారు. టి.నగర్ పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు 2 రూపాయలిచ్చి రాత్రిళ్లు అక్కడే పడుకునేవారు. పగలంతా స్టూడియోల చుట్టూ తిరగడమే. గ్రామఫోన్ కంపెనీ వాళ్లు గొంతు పరీక్షించి పనికిరాదన్నారు. తర్వాత కొన్నాళ్లకు గ్రామఫోన్ రికార్డులే ఆయన పాటను ఊరూరా మోశాయి. కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు ఆ గొంతులో వినని తెలుగిల్లు లేదు. మొదటి రిజెక్షన్‌లో ఆయన గొంతు మారలేదు, వినేవాళ్లే మారారు.

ఆకాశవాణిలో పాటలు, సినిమాల్లో బృందగానం, చిన్నా చితకా వేషాలు... ఏదొస్తే అది చేశారు. 1945లో స్వర్గసీమ సినిమాలో భానుమతితో కలిసి పాడినందుకు 116 రూపాయలు ఇచ్చారు. నిలదొక్కుకునేది అక్కడే.

కెరీర్ పేజీ చదివే మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అంతకుముందు సినిమాల్లో నటించేవాళ్లే పాడేవారు. నాగయ్య గారు, భానుమతి గారు అలా వచ్చినవాళ్లే. ఒకరు పాడితే మరొకరు పెదవులు కదిపే ప్లేబ్యాక్ పద్ధతి తెలుగులో గట్టిపడుతున్నది ఆ నలభైల్లోనే. అంటే ఆయన వెతికిన ఉద్యోగానికి అప్పటికి సరైన పేరు కూడా లేదు. ఆయన, ఆ ఉద్యోగం కలిసే పెరిగారు. నాటకాల్లో పద్యమంటే చివరి వరుసకు వినపడేలా రాగాలు తీయాలి. మైకు ముందు ఆ అవసరం లేదు. ఆయన రాగాలాపన తగ్గించి, మాట అర్థమయ్యేలా పద్యం చదవడం అలవాటు చేశారు. ఎన్టీఆర్‌కు ఒకలా, ఏఎన్నార్‌కు ఒకలా పాడారు. మీరే పక్కపక్కన పెట్టి వినండి, తేడా తెలుస్తుంది.

1949లో మనదేశం, కీలుగుర్రం సినిమాలకు సంగీతం చేశారు. 1951లో పాతాళభైరవి. ఇక వెనక్కి చూసింది లేదు. దేవదాసు, మాయాబజార్, లవకుశ, పాండవ వనవాసం... ఈ జాబితా మీకు తెలిసిందే, పొడిగించను.

తెలియనిది నిర్మాతగా ఆయన జీవితం. గొంతుకు అంత డిమాండ్ ఉన్నప్పుడే సొంత సినిమాలు తీయాలనుకున్నారు. 1953లో పరోపకారం, 1956లో సొంతవూరు, 1960లో భక్త రఘునాథ్. పాటల్లో వచ్చింది సినిమాల్లో పోయింది. నిర్మాణమంటే రాగతాళాల పని కాదు. పెట్టుబడి, వడ్డీ, కాల్షీట్లు, పంపిణీదారులతో బేరాలు, అదంతా వేరే విద్య. ఒకటి పోయాక కూడా మరో రెండు తీయడం మొండితనమా, కళ మీద ఇష్టమా? నాకైతే రెండూ కనిపిస్తాయి. అయితే ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. నష్టం వచ్చినా మైకు వదల్లేదు. స్టార్టప్ పెట్టాలనుకునే మీలో కొందరికి ఇది పనికొచ్చే లెక్క. అప్పు తీర్చే విద్య చేతిలో ఉండగానే ఆయన పందెం కాశారు.

మన గూడూరుకు కూడా ఈ కథలో చోటుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎస్పీ బాలు కుర్రతనంలో గూడూరు పాటల పోటీలో పాడితే, విన్న ఎస్. జానకి సినిమాల్లో ప్రయత్నించమన్నారు. అనంతపురంలో ఇంజినీరింగ్ మధ్యలో ఆపి, మద్రాసులో ఏఎంఐఈ చదువుతూ పోటీల్లో పాడిన బాలును మెచ్చిన న్యాయనిర్ణేతల్లో ఘంటసాల ఒకరు. 1969లో ఏకవీర సినిమాలో ఇద్దరూ కలిసి పాడారు. తన తర్వాతి తరాన్ని పోటీదారుగా చూడని సీనియర్ మీకు ఆఫీసులో దొరికితే అదృష్టమే.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో ఐరోపా, అమెరికా తిరిగి ఐక్యరాజ్యసమితిలోనూ పాడారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతింది. ఆ స్థితిలోనే భగవద్గీత శ్లోకాలు, తెలుగు తాత్పర్యంతో కలిపి రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూసేనాటికి ఆయనకు 51 ఏళ్లు. గీత డిస్కు ఆ తర్వాతే జనంలోకి వచ్చింది.

వేసవి సెలవులని తలుపు మూసేసిన విజయనగరం కాలేజీ ఇప్పుడు మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలగా నడుస్తోంది. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. విజయవాడలో ఘంటసాల పేరు మీదే ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. పాట మీద ఆసక్తి ఉంటే, బయల్దేరే ముందు అడ్మిషన్లు ఎప్పుడో ఫోన్ చేసి కనుక్కోండి.